బేగంపేట నుంచి ఒక సమీకరణం



ఇంట్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలుంటే కాసేపు వాళ్లను కూడా రేడియో దగ్గర కూర్చోబెట్టండి. ఒక కాగితం, పెన్సిలు, వీలైతే ఒక అగ్గిపెట్టె పక్కన పెట్టుకోమనండి. ఈ పూట మాట్లాడబోయేది బీజగణితం గురించి. అయిదో తరగతి దాకా కూడికలూ భాగహారాలూ గబగబా చేసిన పిల్ల, అంకెల మధ్య ఒక అక్షరం వచ్చి కూర్చోగానే పెన్సిలు ఆపేస్తుంది. "ఎక్స్ అంటే ఎంత సార్?" అని అడుగుతుంది. "అదేగా నువ్వు కనుక్కోవాలి" అంటాం మనం. ఆ మాటతో ఆ పిల్లకు కొత్తగా తెలిసిందేమీ ఉండదు. లెక్కలంటే భయం చాలామందికి ఆ రోజే మొదలవుతుంది.

ఈ ఎక్స్‌లూ వైలూ ఎవరికి పనికొచ్చాయి అని పిల్లలు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి నేను దూరదేశాల ఉదాహరణ వెతుక్కోను. బేగంపేటలోనే ఉంది.

పాత విమానాశ్రయానికి దగ్గర్లో సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద ఒక పాత భవనం ఉంది. పరాన్నజీవుల మీద పరిశోధన కోసం ఏర్పడిన సంస్థ అది, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఉంటుంది. రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి సైనిక వైద్యుడయ్యాడు. 1897 ఆగస్టులో ఇక్కడ, ఊపిరాడని ఉక్కలో, పంఖా ఊపితే కోసిపెట్టుకున్న దోమలు ఎగిరిపోతాయని పంఖా కూడా లేకుండా సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. చెమటకు దాని మరలు తుప్పు పట్టాయి, ఉన్న ఒక్క కటకానికీ బీట పడింది. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమల చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి జాడ రాస్‌కు దొరికింది. ప్రపంచమంతా ఆ తేదీని దోమల దినంగా గుర్తుపెట్టుకుంటుంది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడిదాకా మనకు బడిలో చెబుతారు. ఆ తర్వాత కథ చెప్పరు, నాకు అదే ఎక్కువ ఇష్టం.

దోమే కారణమని తేలింది కదా, ఇక దోమల్ని తగ్గిస్తే సరి అన్నాడు రాస్. చాలామంది వైద్యులు, అధికారులు ఒప్పుకోలేదు. ఊళ్లో ఉన్న దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం? ఒక గుంట పూడిస్తే పక్క గుంట నుంచి ఎగిరొస్తాయి. నాలుగు దోమలు మిగిలినా జబ్బు మిగులుతుంది, కాబట్టి ఆ ఖర్చంతా దండగ అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. రాస్‌కు అది తప్పని అనిపించింది. అనిపిస్తే చాలదు, చూపించాలి. సూక్ష్మదర్శినిలో కనిపించే సంగతి కాదది. అప్పుడాయన బీజగణితం తీశాడు. ఉద్యోగం చేస్తూనే తీరిక వేళల్లో సొంతంగా గణితం చదువుకున్న మనిషి, 1901లోనే బీజగణితం మీద ఒక చిన్న పుస్తకం అచ్చువేసుకున్న మనిషి. 1908లో మారిషస్ దీవికి రాసిన నివేదికలోనూ, 1911లో మలేరియా నివారణ మీద తన పుస్తకం రెండో ముద్రణలోనూ ఆయన ఆ లెక్క వేసి చూపించాడు. ఆ లెక్క మనమూ చేద్దాం. ఎనిమిదో తరగతి పిల్లలకు అందేంత తేలిక రూపంలో చేద్దాం. దానికి ముందు మూడు నాలుగు పనిముట్లు చేతికి రావాలి.

హుసేన్ ఖాన్ అణాల దగ్గరే మొదలుపెడదాం. మూడు దోమలు కుడితే మూడు అణాలు. ఏడు కుడితే ఏడు. ఎన్ని కుడితే అన్ని. ఆ 'ఎన్ని' అనే మాటకు బదులు ఒక అక్షరం రాస్తే అది చరరాశి. అక్కడ ఎక్స్ అంటే ఎంత అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. అది మారుతూ ఉంటుంది.

ఇప్పుడు వేరే సంగతి. అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటరుకు వెళ్లారు. రెండు ప్లేట్ల ఇడ్లీ, ఒక చాయ్. బిల్లు 95 రూపాయలు. చాయ్ 15 అని తెలుసు. ఇడ్లీ ప్లేటు ధర బోర్డు మీద చెరిగిపోయింది. ఇక్కడ ఎక్స్ మారేది కాదు. అది ఒకే ఒక సంఖ్య, మనకు ఇంకా తెలియదు, అంతే. అక్షరం ఒకచోట మారే రాశికి, మరోచోట తెలియని రాశికి పేరుగా నిలబడుతుంది. ఈ రెండు పనుల్నీ విడిగా చెప్పకపోవడం వల్లే సగం తికమక. ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఇదొక్కటే: మొదటి వారం లెక్కలు చేయించకండి. ఈ రెండు రకాల మాటలు పిల్లల చేత చెప్పించండి.

టిఫిన్ బిల్లును మాటల్లో చెబితే: రెండు ఎక్స్‌లకు 15 కలిపితే 95. ఇదే సమీకరణం. రెండువైపుల నుంచీ 15 తీసేద్దాం. రెండు ఎక్స్‌లు 80. రెండువైపులా సగం చేద్దాం. ఎక్స్ 40. అయిపోయిందనుకోకండి, ఇంకా అవలేదు. 40ని వెనక్కి తీసుకెళ్లి మొదటి వాక్యంలో పెట్టండి. రెండు నలభైలు 80, చాయ్ 15, మొత్తం 95. బిల్లుతో సరిపోయింది. ఇప్పుడు అయింది. తన జవాబు సరైనదో కాదో పక్కవాణ్ణి అడగకుండా, పుస్తకం చివరి పేజీ తిప్పకుండా పిల్ల తానే తేల్చుకోగలదు. ఈ భాగ్యం చరిత్రలో లేదు, వ్యాకరణంలో లేదు, లెక్కల్లో ఉంది. దాన్ని పిల్లలకు అందకుండా చేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. సరిచూడటానికి మార్కులు లేవని చాలాచోట్ల ఆ పని వదిలేస్తున్నారు.

ఇంకో మాట. '15ని అటువైపు పంపితే గుర్తు మారుతుంది' అని నేర్పుతారు. పక్షాంతరం. తప్పేం కాదు, చేయి తిరిగినవాళ్లకు అది దగ్గరి దారి. కొత్తగా నేర్చుకునే పిల్లకు మాత్రం అది ఇంద్రజాలంలా ఉంటుంది. గీత దాటగానే కూడిక తీసివేత ఎందుకవుతుంది? ఎవరూ చెప్పరు. అందుకే కొన్నాళ్లపాటు రెండువైపులా ఒకే పని చేయించండి. కూడితే రెండువైపులా కూడాలి, భాగిస్తే రెండువైపులా భాగించాలి. ప్రతి మెట్టూ నోటితో చెప్పించండి. రాతలో ఒక వరుస ఎక్కువైతే అవనివ్వండి.

దీనికి అడ్డొచ్చేది ఎక్స్ కాదు, సమానం గుర్తు. పిల్లల దగ్గర పరీక్షించి చూడండి. ఎనిమిదికి నాలుగు కూడితే, సమానం, ఒక ఖాళీ డబ్బాకు అయిదు కూడితే. డబ్బాలో ఏముండాలి? అమెరికా బడుల్లో పరిశోధకులు ఈ ప్రశ్న అడిగితే చాలామంది పిల్లలు 12 అని రాశారు. కొందరు మొత్తం కూడేసి 17 అన్నారు. కావలసింది 7. మన పిల్లలూ అలాగే రాస్తారు. ఎందుకంటే అయిదేళ్లుగా వాళ్లు సమానం గుర్తును 'ఇక జవాబు రాయి' అనే ఆజ్ఞగా చదువుతున్నారు. రాబర్ట్ రికార్డ్ అనే ఆయన 1557లో తన పుస్తకంలో ఆ గుర్తును మొదటిసారి వాడినప్పుడు, పక్కపక్కనే సాగే రెండు సమాంతర గీతలకన్నా సమానమైనవి ఇంకేముంటాయి అన్న ఉద్దేశంతోనే దాన్ని ఎంచుకున్నాడు. ఎడమవైపు ఎంతో కుడివైపూ అంతే. ఆజ్ఞ ఏమీ లేదు.

ఈ సందర్భంలో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటరు కోర్సులు నేర్చుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ప్రోగ్రాముల్లో మీరు ఎక్స్ సమానం ఎక్స్ ప్లస్ వన్ అని రాస్తారు. బీజగణితంలో అది అబద్ధం. రెండువైపులా ఎక్స్ తీసేస్తే సున్నా, ఒకటీ సమానమని తేలుతుంది. ఏ సంఖ్యా దాన్ని నిజం చేయలేదు. జావాలో, పైథాన్‌లో ఆ గుర్తు నిజంగానే ఆజ్ఞ: కుడివైపు విలువ లెక్కగట్టి ఎడమవైపు పేరులో పెట్టు అని. అందుకే ఆ భాషల్లో సమానమా కాదా అని అడగడానికి రెండు గుర్తులు పక్కపక్కన వేస్తారు. పాస్కల్ భాషలో ఆజ్ఞ ఇచ్చేటప్పుడు ఆ గుర్తుకు ముందు రెండు చుక్కలు చేర్చి ఈ తేడాను కంటికి కనిపించేలా చేశారు. లెక్కల్లో డిగ్రీ చేసి వచ్చినవాళ్లు మొదటి రోజు క్లాసులో ఇక్కడ తడబడితే అది తెలివితక్కువతనం కాదు. వాళ్లు బీజగణితం సరిగా నేర్చుకున్నారన్నమాట.

ఇప్పుడు అగ్గిపెట్టె తీయండి. బీజగణితాన్ని అగ్గిపుల్లలతో పరిచయం చేయడం మంచి ఆలోచన. నాలుగు పుల్లలతో ఒక చదరం చేయండి. దాని పక్కనే, ఒక పుల్లను ఉమ్మడిగా వాడుకుంటూ ఇంకో చదరం. మొత్తం ఏడు పుల్లలు. మూడో చదరానికి పది. ఇలా వరుసగా ఎన్ని చదరాలు పేరిస్తే ఎన్ని పుల్లలు కావాలి? చదరాల సంఖ్యను ఎన్ అందాం.

ఒక పిల్ల ఇలా చూస్తుంది. మొదట ఒక పుల్లను నిలబెట్టాను. ఆ తర్వాత ఒక్కో చదరానికి మూడేసి చేర్చాను. కాబట్టి మూడు ఎన్‌లకు ఒకటి కలపాలి. ఇంకో పిల్లవాడు వేరేగా చూస్తాడు. చదరానికి నాలుగు చొప్పున నాలుగు ఎన్‌లు. కానీ రెండు చదరాలు కలిసే ప్రతిచోటా ఒక పుల్ల రెండుసార్లు లెక్కకొచ్చింది. అలా కలిసే చోట్లు చదరాలకన్నా ఒకటి తక్కువ. కాబట్టి నాలుగు ఎన్‌ల నుంచి, ఎన్ మైనస్ ఒకటిని తీసేయాలి. ఇద్దరూ ఒకే వరుసను చూస్తున్నారు. ఇద్దరి జవాబూ ఒకటే అయి తీరాలి. సూక్ష్మీకరించండి అని ప్రశ్నపత్రంలో ఇచ్చేది ఇందుకే. రెండు వేరు వేరు చూపులు ఒకటేనని తేల్చడానికి.

ఇక్కడే ఆ పాతకాలపు గుంట ఎదురవుతుంది, మైనస్ పక్కన బ్రాకెట్. పిల్లవాడు హడావుడిగా బ్రాకెట్ తీసేసి నాలుగు ఎన్, మైనస్ ఎన్, మైనస్ ఒకటి అని రాస్తాడు. మూడు ఎన్ మైనస్ ఒకటి వస్తుంది. గుర్తు తప్పు అని ఎర్ర సిరాతో కొట్టేయకండి. ఒక చదరానికి ఎన్ని పుల్లలో ఆ సూత్రంతో చెప్పమనండి. మూడులోంచి ఒకటి పోతే రెండు. రెండు పుల్లలతో చదరం ఎలా కడతావు అని అడగండి. తప్పు ఎక్కడుందో వాడే వెతుక్కుంటాడు. ఎన్ కన్నా ఒకటి తక్కువ తీసేయాలి, నువ్వు ఒకటి ఎక్కువ తీసేశావు, కాబట్టి లెక్క తగ్గింది. 628లో బ్రహ్మగుప్తుడు తన సిద్ధాంత గ్రంథంలో ఈ నియమాలను ఆస్తి, అప్పు అనే మాటలతో చెప్పాడు. తీసివేయాల్సిన దాంట్లో అప్పు ఉంటే, ఆ అప్పు పోవడం మనకు రాబడి. మన పచారీ కొట్టు ఖాతా చూసిన పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

వంద పుల్లలుంటే ఎన్ని చదరాలు? మూడు ఎన్‌లకు ఒకటి కలిపితే వంద. మూడు ఎన్‌లు 99. ఎన్ 33. ఒక్క పుల్లా మిగలదు. పేర్చి చూడమనండి.

ఇక రాస్ దగ్గరికి వెళ్దాం. పనిముట్లన్నీ చేతిలో ఉన్నాయి. సంఖ్యలు మన సౌకర్యం కోసం ఎంచుకున్నవి, ఆలోచించే పద్ధతి ఆయనది.

ఒక ఊళ్లో మనిషికి ఎక్స్ దోమలు ఉన్నాయనుకోండి. ఒక మలేరియా రోగి ఉన్నాడు. అతని చుట్టూ ఉన్న ఎక్స్ దోమల్లో అన్నీ కుట్టలేవు, నెలలో నాలుగింట ఒకటి కుడుతుందనుకుందాం. కుట్టిన దోమ వెంటనే జబ్బు అంటించలేదు. దాని కడుపులో క్రిమి ఎదిగి తయారు కావడానికి సుమారు పది పన్నెండు రోజులు పడుతుంది. అన్నాళ్లు బతికే దోమ మూడింట ఒకటే అనుకుందాం. బతికినదానికి మళ్లీ ఇంకో మనిషి దొరకాలి. అదీ నాలుగింట ఒకటే. నాలుగు, మూడు, నాలుగు గుణించండి. 48. అంటే 48 దోమల్లో చివరిదాకా నెగ్గి జబ్బు మోసేది ఒక్కటే. కాబట్టి నెలకు ఒక రోగి నుంచి కొత్తగా జబ్బు తగిలేవాళ్లు ఎక్స్ బై 48. రోగి మూడు నెలలు అంటించే స్థితిలో ఉంటాడనుకుంటే మొత్తం మూడు ఎక్స్ బై 48. కొట్టేస్తే ఎక్స్ బై 16.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఊళ్లో జబ్బు పెరగకుండా తరగకుండా నిలవాలంటే ఏం జరగాలి? ఒక రోగి కోలుకునేలోపు సరిగ్గా ఒక కొత్త రోగిని తయారుచేయాలి. ఎక్స్ బై 16 సమానం ఒకటి. ఎక్స్ 16.

మనిషికి 16 దోమలు. అంతకు మించితే జబ్బు వ్యాపిస్తుంది. 8కి తగ్గిస్తే? ఎనిమిది బై పదహారు, సగం. వందమంది రోగులు యాభైమందికి అంటిస్తారు, ఆ యాభైమంది ఇరవై అయిదుగురికి, వాళ్లు పన్నెండు పదమూడు మందికి. దోమలు ఇంకా ఉన్నాయి, మనిషికి ఎనిమిది చొప్పున గుయ్యిమంటూనే ఉన్నాయి. జబ్బు మాత్రం తనంతట తానే ఆరిపోతుంది. దోమలన్నిటినీ చంపనవసరం లేదు. గీతకు కింద ఉంచితే చాలు. రాస్ ప్రత్యర్థులకు ఇచ్చిన జవాబు ఇదే. ఆయన అసలు లెక్కలో ఇంకా సంగతులున్నాయి. అప్పటికే జబ్బుపడినవాణ్ణి దోమ మళ్లీ కుడితే కొత్త రోగి లెక్కకు రాడు, దోమలు చచ్చి పుడుతుంటాయి. వాటికి కాలంతోపాటు మారే రాశుల సమీకరణాలు కావాలి, అది పై తరగతుల్లో చదివే గణితం. వెన్నెముక మాత్రం మనం ఇప్పుడు వేసిన ఈ చిన్న సమీకరణమే.

2020లో కరోనా రోజుల్లో టీవీల్లో ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి తగులుతోంది, ఆ అంకె ఒకటికన్నా ఎక్కువా తక్కువా అని రోజూ చెప్పేవారు, గుర్తుందా? అది ఈ లెక్క సంతానమే. అదే ఏడాది మన పట్టణాల్లో ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు కూలర్లలో, పూలకుండీల్లో నిలిచిన నీళ్లు పారబోయమని ప్రచారం చేశారు. మా ఒక్క ఇంట్లో పారబోస్తే ఏమవుతుంది, పక్కింట్లో పుడతాయిగా అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఎక్స్ సున్నా కావాలని ఎవరూ అడగలేదు. తగ్గాలి, అంతే.

రాస్ చేసిన పనిలో కష్టమైంది ఏది? భాగహారమా? కొట్టివేతా? కాదు. వాక్యాన్ని సమీకరణంగా మార్చడం. తెలియని దాన్ని గుర్తుపట్టి దానికి పేరు పెట్టడం, దేనికి దేనితో సంబంధమో చెప్పడం, ఏది దేనికి సమానమో పట్టుకోవడం. సాధించడం ఆ తర్వాత వచ్చే చిన్న పని. మన ఇళ్లలో, ట్యూషన్లలో సాధన పేరుతో చేయించేదంతా ఆ చిన్న పనే. ఎవరో సిద్ధం చేసిపెట్టిన సమీకరణాలు యాభై ఇచ్చి ఎక్స్ కనుక్కోమంటాం. సమీకరణం రాయడం మాత్రం ఎవరూ అభ్యాసం చేయించరు. పదో తరగతిలో మాటల లెక్క రాగానే పిల్లలు దాన్ని వదిలేసి ముందుకు పోవడంలో వింతేముంది?

అందుకని ఇలా చేసి చూడండి. రోజుకు ఒక్క లెక్క చాలు, అది ఇంటి సంగతి అయి ఉండాలి. పాల ప్యాకెట్లు, కరెంటు బిల్లు, బస్సు టికెట్లు. పిల్ల దాన్ని ముందు తెలుగులో ఒక్క వాక్యంగా చెప్పాలి. తర్వాత సమీకరణంగా రాయాలి. సాధించాలి, సరిచూడాలి. మరో రోజు దీన్ని తిరగేయండి. మూడు ఎక్స్‌లకు 20 కలిపితే 110 అని మీరు ఇవ్వండి, దానికి సరిపోయే కథ తను చెప్పాలి. కథ చెప్పగలిగిన పిల్లకు ఆ సమీకరణం అర్థమైనట్టే. రేడియోలో లెక్కలేమిటని అనుకోకండి. తొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ తన బీజగణితాన్నంతా ఒక్క గుర్తు లేకుండా మాటల్లోనే రాశాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన, మహావీరాచార్యులు రాసిన గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. వినీ, చెప్పీ లెక్క నేర్చుకోవడం మనకు కొత్త కాదు.

ఈ రోజు లెక్క నేనిస్తాను. ఊరి నుంచి ఒక అమ్మాయి కోర్సు కోసం అమీర్‌పేట వచ్చింది. రెండు హాస్టళ్లు చూసింది. మొదటిదాంట్లో చేరేటప్పుడు తిరిగి ఇవ్వని రుసుము 3000 రూపాయలు, ఆపైన నెలకు 6000. రెండోదాంట్లో చేరిక రుసుము లేదు, నెలకు 6500. ఎన్ని నెలలకు రెండింటి ఖర్చూ సమానమవుతుంది? నెలలను ఎన్ అనుకోండి. ఈసారి ఎన్ రెండువైపులా వస్తుంది, జంకవద్దు. రెండువైపుల నుంచీ 6000 ఎన్‌లు తీసేయండి. 3000 సమానం 500 ఎన్ అని మిగులుతుంది. ఎన్ 6. సరిచూస్తే అటూ 39,000, ఇటూ 39,000. ఆమె కోర్సు నాలుగు నెలలే అయితే ఏ హాస్టల్లో చేరాలో, ఎంత మిగులుతుందో మీ పిల్లల్ని చెప్పమనండి. 1000 రూపాయలని వస్తే సరైనట్టే.